బస్సు తిరగాల్సిన చోట ఏకాహం

బస్సు రావాలని మా ఊళ్ళో ఏకాహం చేశారు. ఆ ఏకాహం వల్లే బస్సు వెనక్కి వెళ్ళిపోయింది. ఈ మాట చెబితే పలాసలో నాకు తెలిసినవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు. నేను ఆ భజన సమాజంలో పెరిగినవాణ్ణి. అక్కడే పురాణం చదవడం నేర్చుకున్నాను. ఏకాదశి నాడు మందిరంలో గ్రంథం విప్పేది మొన్నమొన్నటిదాకా నేనే. స్వామి మీద నాకు ఏ కోపమూ లేదు. నా కోపమంతా ఆయన పేరు చెప్పి దారికి అడ్డంగా కూర్చున్నవాళ్ళ మీద.

మా ఊరు ఉద్దానంలో సముద్రం పక్కన ఉంది. పలాస నుంచి వచ్చే టౌను బస్సు ఊరిదాకా రాదు. జీడితోటల మధ్య జంక్షన్‌లో ఆగి, అక్కడే తిరిగి వెళ్ళిపోతుంది. అక్కణ్ణుంచి ఊళ్ళోకి ఆటోలో రావాలి. ఆటో నిండితేగాని కదలదు. ఒంట్లో బాగున్నవాళ్ళకి అదొక విసుగు, అంతే. మా అప్పకి, అంటే మా అక్కకి, మాత్రం అది ప్రాణం మీదికి వచ్చే సంగతి.

అప్ప నాకంటే పెద్దది. భర్త పోయాక మా ఇంట్లోనే ఉంటోంది. ఈ వైపు ఎన్నో ఇళ్ళలోకి వచ్చిన కిడ్నీ జబ్బు ఆమెకీ వచ్చింది. వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. వెళ్ళేటప్పుడు బాగానే వెళ్తుంది. వచ్చేటప్పుడే కాళ్ళలో బలం ఉండదు, తల తిరుగుతుంది, నోరెండిపోయినా నీళ్ళు కొలిచే తాగాలి. అలాంటి మనిషి జంక్షన్‌లో కల్వర్టు గోడ మీద కొంగు కప్పుకుని ఎండలో కూర్చుంటుంది, ఆటో నిండేదాకా.

“ఇంకో ఇద్దరు రావాల అమ్మా,” అంటాడు ఆటో అబ్బాయి.

“ఆగు నాయనా. ఇంకో ఇద్దరికి కిడ్నీలు పోతాయి, నీ ఆటో నిండుతాది,” అంటుంది అప్ప.

ఆమె అలాగే మాట్లాడుతుంది. పక్కన నిలబడ్డ నాకు పళ్ళు బిగుసుకుపోయేవి.

ఊరంతా కలిసి పలాస వెళ్ళి, బస్సుని జంక్షన్ నుంచి ఊరి చివరిదాకా పొడిగించమని అడిగాం. అడగ్గా అడగ్గా ఒక ఆఫీసరు వచ్చాడు. దారంతా నడిచి చూశాడు. రోడ్డు బాగానే ఉందన్నాడు. రూటు పొడిగించాలంటే చివర బస్సు తిరిగే చోటు ముఖ్యమని, పల్లెల్లో చాలా రూట్లు ఆ చోటు లేకే ఆగిపోతాయని చెప్పాడు. మా మందిరం ముందున్న ఖాళీ స్థలం చూసి ఆయన మొహం విప్పారింది.

“ఇది చాలండి. ఒక్క చుట్టులో తిరుగుతుంది. దీన్ని ఖాళీగా ఉంచండి. వచ్చే వారంలో ఏదో ఒక రోజు బస్సు తెచ్చి తిప్పి చూస్తాం. తిరిగితే మీ ఊరిని రూటులో కలిపేస్తాం,” అన్నాడు.

ఆ సాయంత్రమే మందిరంలో అందరూ కూడారు. సమాజానికి పెద్ద మా బావ, మేనత్త కొడుకు. కొబ్బరి వ్యాపారం చేస్తాడు. మాట గట్టిగా ఉంటుంది కాబట్టి అందరూ వింటారు.

“బస్సు రావాలంటే సామి దయుండాల. ఏకాహం పెడదాం,” అన్నాడు.

ఏకాహం అంటే ఒక పొద్దు పొడుపు నుంచి మరో పొద్దు పొడుపు దాకా నామం ఆగకూడదు. మధ్యలో దీపం వెలిగించి, జట్లు జట్లుగా వంతులు వేసుకుని దాని చుట్టూ తిరుగుతూ పాడతారు. నాకంటే దాన్ని ప్రేమించేవాడు ఆ ఊళ్ళో లేడు.

“పెడదాం బావా. మందిరం లోపల పెడదాం,” అన్నాను.

“లోపలెక్కడ పడతారు? మందస జట్టొత్తాది, బారువ జట్టొత్తాది. ముందర పందిరెయ్యాల.”

“ముందర బస్సు తిరగాల కదా.”

“ఏ రోజొత్తాదో ఆ ఆఫీసరు సెప్పినాడేటి? మనం పెట్టిన ఆ ఒక్క రోజే వచ్చేత్తాదా నీ బస్సు?”

“నా బస్సేటి? ఊరందరిదీ.”

“మీ అప్ప కోసం నువ్వు కంగారు పడతన్నావు. సామి పనికి కంగారు పనికిరాదు.”

అందరూ తలలూపారు. జంక్షన్ కల్వర్టు మీద ఒక్క పూట కూర్చోనివాళ్ళే అందరూ. పలాసకి బైకుల మీద వెళ్ళివచ్చేవాళ్ళు.

స్థలం ఈ చివర నుంచి ఆ చివరిదాకా పందిరి లేచింది. కొబ్బరాకులు, మామిడి తోరణాలు, నాలుగు వైపులా మైకులు. పొద్దు పొడవగానే దీపం వెలిగించారు. మధ్యాహ్నం దాటాక నా వంతు వచ్చింది. తాళాలు తీసుకుని జట్టుతో తిరుగుతున్నాను. అంతలో హారను వినిపించింది.

పందిరి గుంజల అవతల బస్సు నిలబడి ఉంది. ముందు సీట్లో మా అప్ప కూర్చుని ఉంది. ఆ రోజు ఆమెకి డయాలసిస్. పలాసలో మా ఇంటిది దగ్గరుండి బస్సెక్కించి, మందులు కొనడానికి అక్కడే ఆగింది. ఆ బస్సు దిగి అప్ప జంక్షన్‌లో కూర్చుని ఉంటే, పరీక్షకు వస్తున్న ఈ ఖాళీ బస్సులోని ఆఫీసరు చూసి జాలిపడి ఎక్కించుకున్నాడట. పాలిపోయిన మొహం, కిటికీ చువ్వ పట్టుకున్న చెయ్యి. అయినా ఆమె కళ్ళు ఎన్నడూ లేనంత సంతోషంగా ఉన్నాయి. తన ఊళ్ళోకి బస్సులో వచ్చింది మరి.

నేను తాళాలు పక్కన పెట్టి బావ దగ్గరికి పరుగెత్తాను.

“బావా, ఈ పక్క గుంజలు తీసేద్దాం. జట్టుని లోపలికి పంపుదాం. నామం ఆగదు, పాడుకుంటూనే ఎల్తారు.”

“దీపం ఎలిగించినాక కదపకూడదు. నీకు నాను సెప్పాలా?”

“దీపాన్ని నాను పట్టుకెల్తాను. ఆరిపోకండా పట్టుకెల్తాను.”

“కూడదంటే కూడదు. రేపు రమ్మను.”

ఆఫీసరు బస్సు దిగాడు. చెప్పులు విడిచి దీపానికి దండం పెట్టుకున్నాడు. చాలా మర్యాదగా అడిగాడు. బావ కూడా మర్యాదగానే ఆయన చేతిలో ప్రసాదం పెట్టి, రేపు రమ్మన్నాడు. రేపు ఈ బస్సు వేరే ఊరు వెళ్ళాలని ఆఫీసరు చెప్పాడు. మైకుల హోరులో ఆ మాట ఎందరికి వినిపించిందో తెలియదు. ఆయన డ్రైవరుకి సైగ చేశాడు. అంత పెద్ద బస్సు వెనక్కి వెనక్కి, కొబ్బరి చెట్ల మధ్య నుంచి, తిరిగే చోటు దొరికేదాకా అలాగే వెళ్ళింది.

బస్సు కదలకముందే అప్పని చెయ్యి పట్టుకుని దింపుకున్నాను. ఆమె పందిరి వైపు చూసి, “ఇంత మందొచ్చినారు. ఒక్కడికీ పందిరి గుంజ పీకడం రాదేటి?” అంది. ఇంటికి వెళ్ళి పడుకుంది.

ఆపదలో ఉన్నవాడి మొర వినగానే స్వామి ఉన్నపళంగా లేచి, చేతిలో ఆయుధం ఉందో లేదో చూసుకోకుండా పరుగెత్తాడని ఆ మందిరంలోనే ఎన్నిసార్లు చదివాను. బావ కళ్ళు తుడుచుకుంటూ వినేవాడు. బస్సు ఇమ్మని ఆయన్ని అడిగారు, ఆయన ఇచ్చాడు, అడుగుతున్న పాట ఆపడానికి తీరిక లేక తిప్పి పంపారు. ఇది భక్తి అయితే నాకు గురువు నేర్పింది మరేదో. మర్నాడు హారతి వేళ నేను ఈ మాటలే అందరి ముందూ అన్నాను. వంతు మధ్యలో తాళాలు వదిలేసినవాడికి మాట్లాడే హక్కు లేదన్నారు. ఆ ఏకాదశికి గ్రంథం ఇంకొకరి చేత విప్పించారు.

తిరిగే చోటు లేదని ఆఫీసు నుంచి కబురు వచ్చింది. అప్ప మళ్ళీ కల్వర్టు మీదికి వెళ్ళింది. ఆ ఎండాకాలం ఒకసారి అక్కడే ఒరిగిపోయింది. ఆమెని ఎత్తుకుని మొహాన నీళ్ళు చల్లింది చేపల తట్టలు దించుకుని కూర్చున్న మా ఊరి కింద పేటవాళ్ళు. వాసనొస్తుందని ఆటోవాళ్ళు వాళ్ళని ఆఖర్న ఎక్కించుకుంటారు. అందుకని వాళ్ళూ రోజూ అక్కడే కూర్చుంటారు.

ఆ సాయంత్రం వాళ్ళలో ఒకామె మా ఇంటికి వచ్చింది.

“బాబూ, బస్సు తిరగడానికి ఎంత జాగా కావాలేటి?”

చెప్పాను.

“మా సేపలెండేసే దిబ్బ సాలదా?”

“మరి సేపలెక్కడెండేత్తారు?”

“ఒడ్డుకి జరుగుతాం. సేపలకేటి, ఎక్కడేసినా ఎండుతాయి. మడిసి ఎండిపోతంది కదా.”

పేటంతా కలిసి దిబ్బ చదును చేసింది. వాళ్ళ మగవాళ్ళు వేటకి వెళ్ళని రోజుల్లో గ్రావెలు పోసి తొక్కారు. నేనూ తట్ట మోశాను. ఏ తాళం మోగించినప్పుడూ స్వామి నాకు అంత దగ్గరగా అనిపించలేదు. పలాస వెళ్ళి అదే ఆఫీసరుని మళ్ళీ బతిమాలాను. ఆయన వచ్చాడు. బస్సు దిబ్బ మీద ఒక్క చుట్టులో తిరిగింది. కొన్ని నెలలు నడిపి చూస్తామని, జనం ఎక్కకపోతే జంక్షన్ దగ్గరే ఆపేస్తామని చెప్పాడు.

ఇప్పుడు రోజూ పొద్దున్న బస్సు వస్తోంది. సమాజంవాళ్ళు మాత్రం ఎక్కరు. చేపల దిబ్బ మీద తిరిగి వచ్చిన బస్సట, తట్టలు ఎక్కే బస్సట. సీట్లు ఖాళీగా ఉంటే రూటు పోతుందని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. బైకులున్నాయన్నారు. ఇన్ని కష్టాలు పడి తెచ్చుకున్న బస్సు వీళ్ళ మూతి విరుపుకి పోతుందేమోనని నాకు నిద్ర పట్టేది కాదు. గ్రంథం చదవడానికి మళ్ళీ రమ్మని కబురు పెట్టారు. ఏకాదశి ఈసారి అప్ప ఆసుపత్రి రోజున పడింది, రానన్నాను.

ఆ ఏకాదశి పొద్దున్నే నేనూ అప్పా బస్సులో ఉండగా, మందిరం ముందు బావ చెయ్యెత్తి బస్సు ఆపాడు. పలాసలో రక్తపరీక్ష చేయించుకోవాలని మెల్లగా కండక్టరుకి చెబుతుంటే విన్నాను. కొడుకు బైకు మీద ఎందుకు వెళ్ళలేదో ఎవరూ అడగలేదు. చేతిలో పాత రిపోర్టుల కవరు ఉంది. తట్టల మధ్య ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడిపోయాడు.

అప్ప కాళ్ళు దగ్గరికి తీసుకుని పక్కన చోటిచ్చింది.

“కూకో బావా. సేపలు కరవ్వు.”

ఆయన కూర్చున్నాడు. ఆమె ఆ కవరు అందుకుని, ఏ గదికి వెళ్ళాలో, ఎవర్ని ముందు అడగాలో చెప్పడం మొదలుపెట్టింది. కండక్టరు టికెట్లు కొడుతూ మా దగ్గరికి వస్తే, బావకి కూడా నేనే తీశాను. కోపం తగ్గి కాదు. ఆ రోజు లెక్కలో ఇంకో టికెట్టు ఉండాలని.