కోటి మీద ఒకటి

పలికిన ప్రతి నామాన్నీ విడిగా విని, ఒక్కదాన్నీ చిన్నదని అనని ఆ శ్రీరాముడికి ముందుగా నా నమస్కారం. ఈ నాలుగు మాటలు రాసే చేతినిచ్చినవాడూ ఆయనే.

జవాబు పత్రాలు దిద్దడానికి ఎర్ర పెన్ను మూత తీసినప్పుడల్లా, ఆ సిరా వాసనకు సుశీలమ్మ టీచరు గుర్తొస్తారు. రూపనగుడి బడిలో నాకు లెక్కలు చెప్పింది ఆవిడే. సాయంత్రం రామమందిరంలో తాళం వేస్తూ భజన పాడిందీ ఆవిడే. పెద్ద సంఖ్యను చూసి నేను బెదిరితే, "దాని పొడుగు చూడొద్దు పాపా. అంకెలనడుగు, అవే చెప్తాయి" అనేవారు.

నేను ఏడో తరగతిలో ఉండగా మందిరంలోని పదిమంది ఆడవాళ్లు కలిసి రామకోటి రాయాలని సంకల్పించారు. నియమం ఒక్కటే: అందరూ సమానంగా రాయాలి. మిరప కోతలకు కూలికి పోయే మా అమ్మ కూడా కొత్త పుస్తకం కొంగులో దాచుకుని గడప దగ్గర నిలబడింది. ఆమెకు చదువు రాదు. 'రామ' అన్న రెండక్షరాల కోసం ఆ వేసవంతా నా పలక మీద దిద్దింది.

భజనకు పెద్దయిన రత్నమ్మ వేళ్లు మడిచింది. "పదిమందికి తలా పది లక్షలు. నువ్వొస్తే లెక్క యాడ కుదురుతాది లచ్చిమీ? పదకొండుతో భాగం పోదు. పది నామాలు మిగిలిపోతాయి."

"ఒక మూల కూర్చోని రాసుకుంటా, అంతే గదక్కా" అంది అమ్మ. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

టీచరు తాళాలు పక్కన పెట్టారు. "రత్నమ్మక్కా, కోటి కాగానే పెన్ను మూసేస్తారా?"

"ఏంది టీచరమ్మా ఆ మాట! దేవునికి ఉత్త సున్నలిస్తామా? పైన ఒకటి రాయాల్సిందే. అది నేనే రాస్తా."

"అట్లయితే నీకొకటి ఎక్కువ కాదా?"

"హౌదల్లా, అవును గదా!" అని ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

టీచరు నా చేతికి సుద్దముక్క ఇచ్చారు. "కోటీ ఒకటి. పదకొండుతో భాగం పోతుందా పాపా?"

అమ్మ నావైపే చూస్తోంది. బండ మీద రాశాను: ఒకటి, ఆరు సున్నలు, ఒకటి. ఆ వారమే టీచరు పదకొండుకు నేర్పిన కిటుకుతో ఒక అంకె విడిచి ఒక అంకె కలిపాను. ఇటు వరుస ఒకటి, అటు వరుస ఒకటి. తేడా సున్న. "పోతుంది టీచర్!" అని అరిచేశాను. భాగించి చూపాను కూడా. తలా తొమ్మిది లక్షల తొమ్మిది వేల తొంభై ఒకటి. శేషం లేదు.

రత్నమ్మ ఆ సుద్దగీతల్ని చాలాసేపు చూసి, తన చాప పక్కకు జరిపింది. "రా లచ్చిమీ, కూర్చో. రాముడే లెక్క కట్టినాడు, కాదనేకి నేనెవరు?"

"రాముడు గాదక్కా, మా పాప" అంది అమ్మ.

రోజుకు వెయ్యి చొప్పున దాదాపు రెండున్నరేళ్లు రాసింది. చివరి రోజు తొంభై ఒకటి రాసి, మిగతా పదిమందితో కలిసి ఒకేసారి పుస్తకం మూసింది.

టీచరు ఇప్పుడు లేరు. నేనూ లెక్కల టీచర్నయ్యాను. వెనక బెంచీలో ఎవరైనా "నాకు రాదు మిస్" అంటే, బోర్డు మీద ఆ సంఖ్యే రాసి సుద్దముక్క వాళ్ల చేతికిస్తాను.

ఈ పుట తిప్పేముందు మీరూ నాతోపాటు ఆ నామం ఒక్కసారి అనండి. మా కోటి ఎప్పుడో నిండింది. ఇది పైన ఒకటి.