తెర మీద మారని పాట

నిడదవోలులో మా చర్చికి పాటలు తెర మీద చూపించే ప్రోగ్రామ్ నేనే రాశాను. పవర్‌పాయింట్ చాలుగా అని సంఘపెద్దలన్నారు. "అబ్బే, సాఫ్ట్‌వేర్‌ వాణ్ణి నేనుండగా పవర్‌పాయింట్ ఏంటండీ!" అని కొట్టిపారేశాను. శనివారం ఒక పెళ్ళికి బాగానే పనిచేసింది. ఆ రోజు కావలసింది ఒక్క పాటే, దాన్ని ప్రోగ్రామ్ మొదట్లోనే రాసిపెట్టాను.

ఆ తర్వాతి వారంలోనే మా వీధి మాస్టారు పోయారు. ఆయన భార్య నన్ను పిలిపించారు.

"బాబూ, ఆయన ఎప్పుడూ పాడే పాట తెర మీద పెద్దక్షరాలతో వెయ్యవా? పుస్తకంలోవి నా కంటికి ఆనవు. ఇన్నేళ్ళూ ఆయన ముందు అందిస్తుంటే వెనకాల పాడేదాన్ని. ఈ ఒక్కసారి ఆయన కోసం నేను పాడాలి."

"మీరేం బెంగపెట్టుకోకండమ్మా, నేను చూసుకుంటాను" అన్నాను.

భూస్థాపనకు ముందు చర్చిలో ఆరాధన. తెర నా వెనక గోడకుంది. ల్యాప్‌టాప్‌లో మాస్టారి పాట ఎంచి నొక్కితే అందులో అదే కనిపించింది. హార్మోనియం వాయించే ఆయన మెల్లగా, "తెర ఓసారి చూడండి" అన్నారు.

"మారిందండీ, మీరు వాయించండి!" అని కసిరాను.

వెనక్కి తిరిగేసరికి శవపేటికకు పైన, తెర మీద శనివారం నాటి పెళ్ళిపాట, పూలదండల బొమ్మతో సహా. ఛీ, నా మొహం ఎక్కడ పెట్టుకోను! ఎంత నొక్కినా అది కదల్లేదు. జనం మాస్టారి పాట చూడకుండానే పాడేశారు. ఆమె మాత్రం తెర వంకే చూస్తూ, పెదవి కదపకుండా నిలబడిపోయారు.

ఇంటికొచ్చి కోడ్ చూశాను. ప్రోగ్రామ్‌లో ఒక్కో పని చేసే భాగాన్ని ఫంక్షన్ అంటాం. పెద్ద ఫంక్షన్‌లో ఏ పాట వెయ్యాలో దాచుకునే 'పాట' అనే వేరియబుల్ ఉంది, తెర మీదకు వెళ్ళేది అదే. దాని లోపలి చిన్న ఫంక్షన్‌లో కొత్త పాటను అదే పేరుకి ఇచ్చాను. నేను కోడ్ రాసిన పైథాన్ భాష దాన్ని లోపలికి మాత్రమే చెందిన వేరే 'పాట'గా తీసుకుంది. ల్యాప్‌టాప్‌లో నేను చూసింది ఆ లోపలిదాన్ని. నా గదిలో బల్బు వేసుకుని వీధంతా వెలిగిందని సంబరపడ్డట్టయింది. లోపలి ఫంక్షన్ మొదట్లో, ఇది బయటి 'పాటే' అని చెప్పే 'నాన్‌లోకల్ పాట' అన్న ఒక్క లైను రాసుంటే బయటి పాటే మారేది. సిగ్గుచేటు ఏంటంటే, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది నేనే.

ఆ లైను రాసి, చర్చికి వెళ్ళి తెర మీదే సరిచూసుకుని, ఆమె ఇంటికి వెళ్ళాను.

"బాగుచేశానమ్మా. మాస్టారి కోసం మళ్ళీ అందరం చేరే ఆదరణ కూడికలో తప్పకుండా వస్తుంది."

ఆమె కుర్చీ చూపించారు, మంచినీళ్ళిచ్చారు. నాలుగు తిట్టినా బాగుండేది.

"ఇంకెందుకులే బాబూ" అన్నారు. "పెట్టె మూసే ముందు పాడదామనుకున్నాను."