మిల్లు షేరు కాగితం మీద మామగారు

మా మామగారు పనిచేసిన జనపనార మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. ఆయన కొనుక్కున్న షేర్లు ఇప్పుడు ఉత్త కాగితాలు. పాత నోట్ల మీద, షేరు పత్రాల మీద బొమ్మలు వేసే సలీం భాయ్ గురించి విని, మావారు అందులో ఒకటి అమీర్‌పేటకు పంపి, దాని మీద పోయిన వాళ్ల నాన్న బొమ్మ వేయమన్నారు. అది పూర్తయ్యేలోగా మావారికే గుండె ఆపరేషన్ అన్నారు. పంజాగుట్ట ఆసుపత్రిలో చేరాం. పదకొండింటికి థియేటర్‌లోకి తీసుకెళ్తామన్న రోజు పొద్దున, "ఆ బొమ్మ ఒక్కసారి చూసి వెళ్తానే" అన్నారు. కాదని ఎలా అంటాను?

తొమ్మిదింటికి ఆటో ఎక్కడం నా బుద్ధితక్కువ. వంద రూపాయలిచ్చి మరీ కూడలిలో ఇరుక్కున్నాను. "ఫికర్ చెయ్యకు అక్కా, గీ సిగ్నల్ దాటితే అయిపాయె" అని ఆటో అతను ప్రతి సిగ్నల్ దగ్గరా అన్నాడు.

మెట్రో స్టేషన్ వెనక సందులో, మేడ మీద చిన్న గది. చిరిగిన రూపాయి నోట్ల మీద పావురాలు, బాండు కాగితాల అంచుల్లో మామిడి కొమ్మలు. మీరు వెళ్తే తీరిగ్గా చూడండి, నాకు ఆ తీరిక లేకపోయింది. సలీం భాయ్ మా కాగితం తెచ్చి ముందు పెట్టాడు. అచ్చులో ఉన్న మిల్లు బొమ్మ అలాగే ఉంది. దాని పక్కన మామగారు, మనకి వీపు పెట్టి నడిచిపోతున్నారు.

"మొహమేదండీ?"

"చెహ్రా నేను గియ్యనమ్మా. సార్‌కు ముందే చెప్పిన."

"కొంచెం ఇటు తిప్పలేరా?"

"ఇప్పుడు మార్వనీకి రాదమ్మా, రంగు ఇంకిపోయింది. ఆపరేషన్ అంటున్నరు గదా, సార్ కోసం దువా చేస్తా" అంటూ రెండు అట్టల మధ్య పెట్టి ఇచ్చాడు.

తిరిగి మెట్రోలో వచ్చాను. ఒక్క స్టేషనే, ఇరవై రూపాయలు కూడా కాలేదు. ఆపరేషన్ రోజున, వెళ్లిపోతున్న తండ్రి వీపు ఈ మనిషికి ఎలా చూపించను? ఇంకా అవలేదని చెప్పేద్దామనుకున్నాను. కానీ గదిలోకి అడుగు పెట్టగానే ఆయన చెయ్యి చాపారు.

చాలాసేపు చూశారు.

"ఏమండీ, మొహం వేయలేదు" అన్నాను భయంభయంగా.

"మొహమెందుకే? చేతిలో క్యారేజీ చూడు, ఎలా ఊపుకుంటూ పోతున్నాడో! ఖాళీది. డ్యూటీ దిగి ఇంటికెళ్తున్నాడు."

అప్పుడే స్ట్రెచర్ వచ్చింది.

ఇదంతా థియేటర్ బయట కూర్చుని ఫోన్లో రాస్తున్నాను. తలుపు కదిలినప్పుడల్లా లేచి నిలబడుతున్నాను. ఇలాంటి కాగితాలు మీ ఇంట్లోనూ ఉంటాయి, చెల్లవని పారేయకండి. బొమ్మ వేయించేటట్లయితే మాత్రం, మొహాలు వేస్తారా లేదా అని ముందే అడగండి. మావారికి ముందే తెలుసట, నాకు మాత్రం చెప్పలేదు. బయటికి రానీండి, ఆయనతో పోట్లాట ఉంది.