గుద్దు నేర్చుకున్న చలికాలం

మేము మంచుకొండ మీది సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం మూడు. అప్పటికే ఎండ కొండ వెనక్కి పోయింది. రెండు బంకర్లు, ఒక కిరోసిన్ స్టవ్వు, ఒక రేడియో సెట్టు. చుట్టూ మంచు. బోధన్ పక్క చెరుకు తోటల్లో పెరిగినవాణ్ణి, చలి అంటే పొద్దున కప్పుకునే దుప్పటి అనుకున్నాను.

ఊళ్లో ఇప్పటికీ నన్ను అడిగేది ఒక్కటే. "ఎంతమందిని సంపినవే?" ఎవర్నీ చంపలేదు. ఆ చలికాలమంతా ఇసుక మూటను కొట్టాను.

రోజూ ఏడింటికి కసరత్తు చేయాలని ఆర్డరు. పరుగెత్తడానికి చోటు లేదు, నాలుగడుగులు దాటితే లోయ. అందుకే హవల్దారు బంకరు దూలానికి ఇసుక మూట వేలాడదీశాడు. ఆయన ఒకప్పుడు బాక్సరు. నేను చెరుకు నరికిన అలవాటుకొద్దీ చెయ్యి పక్కనుంచి తిప్పి కొట్టాను.

"గన్నా కాట్ రహా హై క్యా?" అని అరిచాడు, చెరుకు నరుకుతున్నావా అని. బంకరంతా నవ్వింది.

ఎడమ కాలు ముందుకు. గడ్డం కిందికి. మోచెయ్యి పక్కటెముకలకు ఆనాలి. చెయ్యి భుజం నుంచి తిన్నగా పోవాలి, నడుము దానితో తిరగాలి, పోయిన దారినే వెనక్కి రావాలి. బొటనవేలు పిడికిలి బయట ఉండాలి. లోపల పెడితే విరుగుతుందని రోజూ చెప్పేవాడు.

మా రేడియో ఆపరేటర్ నందిపేట్ వాడు, పసుపు పండించే ఇంటి పిల్లగాడు. నాకంటే చిన్నవాడైనా అప్పటికే ఒక ఆడపిల్ల తండ్రి. నన్ను అన్నా అనేవాడు. సెట్టు మీటలు దొడ్డు గ్లౌజులతో తిరగవు. గ్లౌజు తీసి గంటలకొద్దీ కూర్చునేవాడు.

"బొటనేలు జర మొద్దువారినట్టున్నదన్నా" అన్నాడొకరోజు.

"హవల్దారుకు చెప్పరాదు?"

"కిందికి తోలితే సెట్టు ఎవలు సూస్తరు? నువ్వు సూస్తవా?"

అయినా నేను చెప్పాను. గట్టిగా గుద్దితే వేళ్లల్లో రక్తం పారుతుందని హవల్దారు అన్నాడు. అప్పుడు మేమంతా అదే నమ్మాం.

మంచు తుపాను మొదలైన పొద్దున ఆపరేటర్ బలమంతా పెట్టి మూటను కొట్టాడు. చిన్నగా టప్‌మంది.

"ఏందిరా అది?"

"ఏమో అన్నా. నొప్పైతే లేదు" అని నవ్వాడు.

నొప్పి లేదన్నందుకే నాకు భయమేసింది. గ్లౌజు చూశాను. దాని బొటనవేలి తొడుగు పిడికిలి బయటే ఉంది, కానీ ఖాళీగా ఉంది. తన వేలిని వెచ్చదనం కోసం లోపల్లోపలే పిడికిట్లో దాచుకున్నాడు. బయటికి అంతా సరిగ్గానే కనిపించింది, అందుకే హవల్దారు కూడా పట్టుకోలేకపోయాడు. గ్లౌజు లాగితే వేలు నల్లబడి, పక్కకు వంగి ఉంది.

హెలికాప్టర్ అడగాలంటే సెట్టు నడపాలి. సెట్టు అతనికే వచ్చు. ఎడమ చేత్తో మీట నొక్కి, ఒకరి చెయ్యి దెబ్బతిన్నదని చెప్పాడు.

"ఏక్ క్యాజువాల్టీ. హాథ్. ఓవర్."

"కౌన్? ఓవర్."

"ఆపరేటర్. ఓవర్."

కాసేపు గరగర. "ఫిర్ బోల్ కౌన్ రహా హై? ఓవర్." మరి మాట్లాడేదెవరని.

"వహీ, ఆపరేటర్. ఓవర్."

మబ్బు విడిస్తేనే వస్తామన్నారు. రోజులు గడిచినా మబ్బు విడవలేదు. నాకు మీటలు నేర్పమంటే వినలేదు. ఆ ఎడమ చెయ్యి గ్లౌజు తీసి, గంట గంటకూ వాతావరణం చెబుతూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. హెలికాప్టర్ వచ్చేసరికి రెండు చేతులూ పోయే స్థితికి వచ్చాయి. వేళ్లన్నీ ఆసుపత్రిలో తీసేశారని తర్వాత రేడియోలోనే విన్నాం. విని మాకు చెప్పింది అతని చోట వచ్చిన కొత్త ఆపరేటర్.

డ్యూటీ అయ్యాక నిజామాబాద్‌లో రైలు దిగి, మా ఊరికి పోకుండా నందిపేట్ బస్సెక్కాను. వాకిట్లో ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉంది. అతను బిడ్డను బడికి తయారుచేస్తున్నాడు. నన్ను చూసి, "రా అన్నా, కూసో. ఒక్క నిమిషం" అన్నాడు.

ఎన్నేళ్లయినా నా కళ్ల ముందునుంచి పోనిది అదే. రెండు అరచేతుల అంచుల మధ్య బిడ్డ అంగీ పై గుండీని నొక్కిపట్టి కాజాలోకి నెడుతున్నాడు. అది జారిపోతోంది. మళ్లీ పడుతున్నాడు. నేను చెయ్యి చాపాను.

"ఆగు అన్నా. నేనే పెడ్త."

బడి గంట కొట్టారు. నాన్న గుండీ పెట్టడానికని ఎత్తిన గడ్డాన్ని ఆ పిల్ల దించలేదు.