కంచం నడిమధ్యన

పక్క సెల్‌ఫోన్ల కొట్టులో డ్రిల్లు తిరిగినప్పుడల్లా వచ్చే కాలిన ఇనుము వాసన ముక్కుకి తగిలిందంటే చాలు, గల్లా పెట్టె దగ్గర కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఒళ్ళు మండిపోతుంది నాకు. అది మా సరోజత్త వాసన. నాన్న చెల్లెలైన సరోజత్త, ఏలూరులోని మా స్టీలు సామాన్ల కొట్టు వెనక గదిలో, గుయ్యిమనే చిన్న మిషన్‌తో బిందెల మీదా పళ్ళాల మీదా పేర్లు చెక్కేది. పెళ్ళిళ్ళ రోజుల్లో కొల్లేటి లంకల నుంచి వచ్చిన ఆడవాళ్ళు, చీర అంచులకి ఇంకా చెరువు బురద అంటుకునే ఉండగా, కూతురి పేరూ అల్లుడి పేరూ చెప్పి ఆవిడ చుట్టూ గొంతుక్కూర్చుంటే, వాళ్ళిచ్చిన వేరుశెనగకాయలు ఒలుచుకు తింటూ నేను అక్షరాలు నేర్చుకున్నాను. బేరం మాత్రం ముందు గదిలో నాన్న దగ్గర నేర్చుకున్నాను. మొదట చెప్పే ధర ఎవరూ ఇవ్వడానికి కాదు, ఎదుటివాళ్ళు దింపడానికి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో సాయంత్రం ఆరింటికి టీవీలో ఓ చర్చ వచ్చేది. ఓ ప్లీడరుగారూ, రిటైరైన మేష్టారూ, పట్టుచీర కట్టిన ఒకావిడా వరసగా కూర్చుని, అత్తాకోడళ్ళు ఒకే వంటింట్లో ఉండాలా, పక్కింటి తగువులో తలదూర్చాలా అని తీర్పులు చెబుతుంటే, మా కొట్టుకొచ్చినవాళ్ళు కొన్న బిందె చంకలో పెట్టుకుని మరీ వాదించేవారు. టీవీలో ఆ ముగ్గురూ చెప్పిందే న్యాయమని వీధి మొత్తం నమ్మేది.

ఆ చర్చ ఒకసారి ఏలూరుకే వచ్చింది. కుటుంబ వ్యాపారంలో ఆడవాళ్ళు గల్లా దగ్గర కూర్చోవచ్చా అన్నది ప్రశ్న. అత్త ఏడాదిగా నాన్నని అడుగుతున్నదీ అదే. నాన్నకి ఇష్టమే గానీ వీధిలో కొట్లవాళ్ళు నవ్వుతారని భయం. పెద్దమనుషుల చేత టీవీలో చెప్పించుకుంటే ఇక ఎవరూ కిక్కురుమనరని ఆయన ఆలోచన.

"నాన్నా, గట్టిగా మొదలెట్టండి. వాళ్ళే దింపుతారు," అని సలహా ఇచ్చిన మేధావిని నేనే. ఐదో తరగతి.

కల్యాణమండపంలో దీపాల వేడికి చెమటలు కారుతుండగా నాన్న మైకు పట్టుకుని, "ఆడది గల్లా దగ్గర కూర్చుంటే ఆ రోజే కొట్టు మూసేస్తానండీ!" అన్నారు. అనేసి, కొనేవాడు ఎప్పుడు నోరు తెరుస్తాడా అని చూసినట్టు ప్లీడరుగారి వైపు చూస్తూ నిలబడ్డారు. పోనీ పొద్దుటి పూట కూర్చోనివ్వండి అంటే చాలు, ఒప్పేసుకునేవారు. ఎవరన్నా బేరమాడితేగా! యాంకరమ్మ "చూశారా మన మగాళ్ళ మనసు!" అంది, జనం చప్పట్లు కొట్టారు, మైకు లాక్కున్నారు. "అయితే మీరేమంటారండీ?" అని నాన్న వట్టి గొంతుతో అడుగుతుంటే, "టైము లేదండీ, పక్కకి రండి," అని ఓ స్టీలు కంచం చేతిలో పెట్టి పంపేశారు. స్టీలు కొట్టాయనకి స్టీలు కంచం! చర్చట! మా కొట్టులో గరిటె కొనడానికి కూడా ఇంతకంటే ఎక్కువసేపు మాట్లాడతారు.

అది టీవీలో వచ్చిన సాయంత్రం కొట్లవాళ్ళంతా వచ్చి, "మాటంటే మీదండీ!" అని నాన్న వీపు తట్టారు. వాళ్ళు వెళ్ళాక నాన్న వెనక గదిలోకొచ్చారు.

"టీవీలో అన్న మాట ఎలా దించుకోనే, సరోజా?"

"నా దగ్గర దించుకో అన్నయ్యా. ఇక్కడ కెమెరా లేదుగా," అంది అత్త.

మా ఇంట్లో ఏ సామాను మీదైనా పేరు వేయించడం అలవాటు కాబట్టి, నాన్న సిగ్గు లేకుండా టీవీవాళ్ళిచ్చిన ఆ కంచం ఆవిడ ముందుకే తోశారు. పేరుకి పట్టే సమయం కంటే చాలాసేపు మిషన్ గుయ్యిమంది. వారం తిరక్కుండా అత్త మిషన్ సంచిలో వేసుకుని తాడేపల్లిగూడెం బస్సెక్కింది. అక్కడో పాత్రల కొట్టువాళ్ళు ఆవిణ్ణి గల్లా దగ్గరే కూర్చోబెట్టారు. మా గడప మళ్ళీ తొక్కలేదు.

ఇప్పుడా చర్చా లేదు, బిందెల మీద పేర్లూ లేవు. ధర స్టిక్కరు చూసి నోరెత్తకుండా డబ్బిచ్చిపోయేవాళ్ళే గానీ బేరమాడేవాళ్ళు లేరు. మోకాళ్ళు అరిగాక నాన్న నన్ను పిలిచి గల్లా తాళాలు ఇచ్చారు. కొట్టు మూయలేదు. ఒక్క రోజు కూడా. ఆ మాట ఆయన్ని అడగలేదు నేను. గరిటె దగ్గర గంట వాదించగల ఈ నోరు, అత్త కోసం ఆ సాయంత్రం వేరుశెనగకాయలు నములుతూ కూర్చుంది.

రోజూ మధ్యాహ్నం ఇక్కడే ఆ కంచంలో తింటాను. అందరి పేర్లూ అంచు మీద చెక్కే అత్త, దీని మీద మాత్రం నడిమధ్యన చెక్కింది. పప్పూ అన్నం కలిపేటప్పుడు కనబడదు. చివరి ముద్ద ఎత్తాక కనబడుతుంది, ఎక్కడా వంకరపోని అక్షరాలతో, కింద నాన్న పేరుతో సహా: ఆడది గల్లా దగ్గర కూర్చుంటే ఆ రోజే కొట్టు మూసేస్తానండీ.