దిమ్మెల మీద మూడు వందల యాభై తొమ్మిది రోజులు

మా మామగారి కారును రాతి దిమ్మెల మీదికి ఎక్కించింది 1961 సెప్టెంబరు 22, శుక్రవారం. దించింది మరుసటి ఏడు సెప్టెంబరు 16, ఆదివారం. మధ్యలో మూడు వందల యాభై తొమ్మిది రోజులు. ఏడాది అంటే సరిపోదా అని మావారు అంటారు. సరిపోదు.

హోసూరులో మాది రాగులు, చింతపండు వ్యాపారం. కారు తుడిచే గుడ్డను కూడా మామగారు ఇంకొకరిని ముట్టనిచ్చేవారు కాదు. ఆ ఏడు ఆయన రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. జూజువాడి దగ్గర ఎదురుగా వస్తున్న ఎద్దులబండిని లారీ అనుకుని కారును రాగిచేనులోకి దింపేశారు. శుక్లం బాగా పండితేగాని కోయనని, అందాకా కారు నడపవద్దని బెంగుళూరు డాక్టరు చెప్పాడు. ఈ సంగతి తెలిసి బాగలూరు నుంచి ఒక మండీ యజమాని వచ్చి కూర్చున్నాడు.

"ఏడాది నిలబెడితే అది కారు కాదప్పా, కోళ్ళగూడు. ఇప్పుడే ఇచ్చెయ్" అన్నాడు.

"నా కండ్లు బాగుపడనీ. ఆపొద్దు నువ్వే వచ్చి నిలబడు. ముందర హ్యాండిలు పెట్టి ఇంజను మూడు తిప్పులు తిప్పిస్తా. పలికిందా, నాది. పలకలేదా, తోలుకోని పో."

"పలకని కారును ఎట్లా తోలుకోని పొయ్యేది?"

"ఎద్దులు కట్టుకోని పో" అన్నారు అత్తగారు వంటింట్లోంచి.

అలా పందెం కుదిరిపోయింది. ఇంట్లో రాసిపెట్టుకునే మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి కారు నా పాలికి వచ్చింది. అప్పటికి నా వయసు ఇరవై రెండు.

కృష్ణగిరి నుంచి మెకానిక్ మొదటి బస్సుకు వచ్చాడు. పెట్రోలు తీసేశాడు, రేడియేటరులో నీళ్ళు వదిలేశాడు, బ్యాటరీ విప్పి తనతో పట్టుకుపోవడానికి పక్కన పెట్టాడు. ప్లగ్గులు తీసి ఒక్కొక్క రంధ్రంలో చెంచా నూనె పోశాడు. పదిహేను రోజులకొకసారి ఇలాగే నూనె పోసి హ్యాండిలు మెల్లగా తిప్పమన్నాడు. ఎలుకలు దూరకుండా పొగగొట్టంలో గుడ్డ కుక్కాడు. చివరికి జాకీతో లేపి, ఇరుసుల కింద నాలుగు దిమ్మెలు పెట్టి, చక్రాలు నేలకు తగలకుండా నిలిపాడు.

"బరువు పడితే కింది స్ప్రింగు కమానులు అణిగిపోతాయమ్మా. లోపల ఒక చెంబు కూడా పెట్టొద్దు" అన్నాడు.

అణిగితే తెలిసేదెలా అని అడిగాను. చక్రం పైఅంచుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు కొలవమన్నాడు. వారానికొకసారి కొలుస్తానంటే నవ్వాడు. "కొలిస్తే కొలవండి, దానికేమీ నొప్పి ఉండదు."

కారు మీద గోనెపట్టాలు కుట్టి కప్పాం. తాళంచెవి అత్తగారి నడుముకున్న గుత్తిలో చేరింది. నేను ప్రతి శుక్రవారం పొద్దున పట్టా అంచు ఎత్తి, బళ్ళో వాడిన చెక్క స్కేలుతో నాలుగు మూలలా కొలిచి, గడులు గీసిన పుస్తకంలో రాసేదాన్ని. వెనక రెండూ ఆరంగుళాల రెండు నూళ్ళు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, వడ్రంగుల లెక్క. ఇరవై ఐదు వారాలు ఒక్క నూలు తేడా రాలేదు. మధ్యలో రెండు శుక్రవారాలు పుట్టింట్లో ఉన్నాను, ఆ రెండు గడులూ ఖాళీగానే వదిలాను.

మార్చి 23న వెనక వైపు ఐదంగుళాలు చూపించింది. పది నూళ్ళు తగ్గింది. మళ్ళీ కొలిచాను. అంతే. కమానులు విరిగాయేమో అనుకున్నాను. పరుగున పోయి అత్తగారిని తాళంచెవి అడిగాను.

"ఇప్పుడెందుకమ్మే? ఎండ తగ్గినాక చూద్దాంలే" అన్నారు ఆవిడ, నా ముఖం చూడకుండా. ఎండ తగ్గేదాకా నేనెప్పుడు ఆగాను?

తలుపు తీస్తే ఘుమ్మని వాసన. వెనక సీటు మీద ఐదు బానలు, కింద మూడు. కొత్త చింతపండు, ఉప్పు వేసి దట్టించింది. బాన ఒకటికి మణుగున్నర, మొత్తం పన్నెండు మణుగులు.

"ఏం చేసేది మరి? ఎలుక రాదు, చీమ రాదు, గాలి పోదు. ఇంత బాగున్న అర మనింట్లో ఇంకోటి యాడుంది?" అన్నారు అత్తగారు.

"ఉప్పు ఇనుమును తింటాది గదత్తా!"

"మూత పెట్టే ఉండాను గదే. బానలోనించి లేచొచ్చి తింటాదా?"

ఒక బానకు సన్నని బీట ఉంది. దాని కింద కారు నేల తడిసి, అరచేతి మేర ఎర్రబడింది. సాయంత్రానికి బానలన్నీ దించాం. తుప్పు గీకి, కడిగి, ఆరబెట్టి, ఆముదం పట్టించాను. మరునాటికి వెనక సందు ఆరంగుళాల రెండు నూళ్ళకు వచ్చింది. అప్పుడుగాని అన్నం సహించలేదు.

మే నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం మళ్ళీ తేడా. ఈసారి ముందు కుడివైపు, రెండు నూళ్ళు. అత్తగారు మళ్ళీ ఏ బాన పెట్టారోనని మండిపోయి, "అత్తా!" అని గట్టిగా పిలిచాను.

"ఆయమ్మ కాదులేమ్మా, నేను. నువ్వు కొలువు, కదలను" అంది కారు లోపలి నుంచి మామగారి గొంతు.

పట్టా ఎత్తి చూశాను. స్టీరింగు పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

"ఏం చేస్తా ఉండారు మామా?"

"గేర్లు మరిచిపోతానేమోనని. రోజూ మధ్యాహ్నం వస్తా ఉండా. కృష్ణగిరి దాకా పొయ్యి వచ్చేస్తా." గేరు కర్రను ఒకసారి ఇటు లాగి, "చింతపండు ఉన్నప్పుడే బాగుండె, నోరూరతా ఉండె" అన్నారు.

అంటే ఆయనకు ముందే తెలుసు. లోపల ఒక చెంబు కూడా పెట్టొద్దన్న మెకానిక్ మాట గుర్తొచ్చింది. మామగారు చెంబు కాదు గనక ఊరుకున్నాను. పుస్తకంలో మాత్రం 'రెండు నూళ్ళు, మామగారు' అని రాశాను.

జూలైలో ఒక కన్ను, ఆగస్టులో రెండోది కోశారు. సెప్టెంబరు 16న, సోడా సీసా అడుగుల్లాంటి అద్దాలు పెట్టుకుని ఆయన వాకిట్లో నిలబడ్డారు. బాగలూరు ఆయన చేతులు కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. మెకానిక్ కారు దించి, పొగగొట్టంలో గుడ్డ తీసి, బ్యాటరీ బిగించి, రేడియేటరులో నీళ్ళు, ట్యాంకులో పెట్రోలు పోసి, హ్యాండిలు తిప్పాడు. చప్పుడు లేదు. రెండోసారి కారు ఒకసారి దగ్గి ఊరుకుంది.

"ఎద్దులను తెప్పించేదా?" అన్నాడు బాగలూరు ఆయన.

మా అత్తగారి ముఖం మాడిపోయింది. బీటవారిన బాన ఆవిడకు గుర్తొచ్చిందని నాకు తెలుసు.

"ఉండప్పా" అని మామగారు మెకానిక్‌ను ఆపి, తానే వెళ్ళి సీట్లో కూర్చున్నారు. అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకుని, చల్లబడ్డ ఇంజనుకు పెట్రోలు ఎక్కువగా అందించే చోకు బొత్తాన్ని సగం దాకా లాగి పట్టారు. మధ్యాహ్నాలన్నీ ఆయన చెయ్యి చేసిన పని అదే.

"ఊ, తిప్పు."

మూడో తిప్పుకు కారు పలికింది. లేచిన తెల్లపొగకు బాగలూరు ఆయన దగ్గుతూ అరుగు దిగాడు. వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపకూడదని అత్తగారు చింతపండు బాన ఒకటి తెచ్చి అతని చేతుల్లో పెట్టారు. అది బీటది కాదు, చూశాను.

మామగారు అద్దాలు పెట్టుకుని మెకానిక్‌ను కృష్ణగిరిలో దింపి వస్తామన్నారు. దారిలో ఎదురైన బండ్లను ఒక్కొక్కటీ పైకి చెప్పారు. ఇది లారీ, ఇది ఎద్దులబండి, ఇది మళ్ళీ ఎద్దులబండి. అన్నీ సరిపోయాయి. వెనక నా పక్కన కూర్చున్న అత్తగారు సీటు వాసన చూసి, ఆ ఏడు చింతపండు తొందరగా నల్లబడడానికి కారణం కారేనన్నారు. లోపల వేడి ఎక్కువట.