పలకరిస్తేనే పలికే దుబాసీ

వైసన్ హరావా మా బడిలో లెక్కల మాస్టారు. నేను జీవశాస్త్రం చెబుతాను. మా వైపు ఆడవాళ్ళని పుట్టింటి పేరుతోనే పిలుస్తారు కాబట్టి నన్నందరూ న్యాలుహాంగా అంటారు. స్టాఫ్ రూములో పదహారేళ్ళుగా ఆయన కుర్చీ, నా కుర్చీ పక్కపక్కనే. ఆయన్ని వెక్కిరించే హక్కు నాకున్నంతగా ఇంకెవరికీ లేదు. అందుకే ఈ సంగతి కూడా నేనే చెప్పాలి.

ఆయనకు నత్తి. చిన్నప్పుడు మాట తడబడినప్పుడల్లా పంతులు చేతుల మీద బెత్తంతో కొట్టేవాడట. దానివల్ల ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేరు. పిల్లలకు అక్షింతలు వేయాల్సిన రోజొస్తే నా దగ్గరికి పంపేస్తారు. ఆ పని నాకు బాగానే వచ్చు.

ఆరేళ్ళ క్రితం ఎవరో పుణ్యాత్ములు మా బడికి పదకొండు పాత కంప్యూటర్లు ఇచ్చారు. వాటితోపాటు పిల్లలకు ప్రోగ్రాములు రాయడం నేర్పే దుబాసీ ఒకటి ఉచితంగా వచ్చింది. మనం టైపు చేసిన ఆజ్ఞల్ని ఒక్కో వరుసే చదివి యంత్రానికి చెప్పేది అదే. దాని పొట్ట విప్పి ఎవరైనా మార్చుకోవచ్చు. అయితే దాని నోరు మంచిది కాదు. పిల్లలు చిన్న గీత మరిచిపోయినా ఎర్రటి పట్టీ వేసి, "ఘోరమైన తప్పు. ఆపేస్తున్నాను" అని ఇంగ్లీషులో అరిచేది. ఒక పిల్ల, యంత్రం తనవల్లే పాడైందనుకుని పారిపోయి, వారం దాకా బడి మొహం చూడలేదు.

వైసన్‌ గారికి అది బెత్తం దెబ్బలా తగిలింది. కూర్చుని తనకు తానే నేర్చుకుని, ఆ దుబాసీకి మా తుంబూకా భాష నేర్పారు. ఇప్పుడది తప్పు దొరికితే, "మూడో వరుస నాకు సరిగ్గా వినపడలేదు, ఇంకోసారి చెబుతావా అమ్మా?" అంటుంది. అక్కడితో ఆగితే బాగుండేది. మా వైపు ఎవరి గుమ్మంలోకైనా వెళ్ళి పలకరించకుండా నిప్పు అడిగినా ఇవ్వరు. అందుకని ఆయన ఇంకో మర్యాద కూడా పెట్టారు. ప్రోగ్రాము మొదటి వరుసలో "మోనిరె, ములి ఉలి?" అని దణ్ణం పెట్టి క్షేమం అడగాలి. అడిగితే, "తిలి మకొర, బాగానే ఉన్నాం, మీరో?" అని జవాబిచ్చి పనిలోకి దిగుతుంది. అడగకపోతే కదలదు, మెదలదు.

"ఏం మాస్టారూ, మీ దుబాసీకి పెళ్ళి సంబంధం కూడా చూస్తున్నారా?" అని అడిగాను నేను.

"చూ... చూస్తాను న్యాలుహాంగా. పిల్ల మర్యాద తెలిసిందైతే చాలు."

పిల్లల భయం పోయింది. యంత్రం దగ్గరికి మేనత్త ఇంటికి వెళ్ళినట్టు వెళ్ళేవాళ్ళు. ఒక్క మపోపా అనేవాడు మాత్రం పలకరింపు ఎగ్గొట్టబోయి రోజూ దుబాసీ చేత వెనక్కి తిప్పించుకునేవాడు. "ఇదేం గోల సార్, దీనికేమన్నా పిల్లలా, మేకలా, క్షేమం అడగడానికి?" అని గొణిగేవాడు.

వాడికి పూర్తిగా వేరు టివోంగె కచాలి. తల్లికి జబ్బు చేస్తే రెండేళ్ళు చదువు మానేసి దగ్గరుండి చూసుకుని, ఆవిడ పోయాక తిరిగి వచ్చింది. తరగతిలో అందరికంటే పెద్దది. ముజుజూ పట్నంలో సాంకేతిక కాలేజీ వాళ్ళు కంప్యూటరు పేపరు ప్యాసైతే సీటిస్తామన్నారు. మరుసటి ఏడాదికి వాళ్ళు పెట్టిన వయసు దాటిపోతుంది. అంటే ఆ పిల్లకు ఆ ఒక్క పరీక్షే ఉంది. టైపు చేసే ముందు, పెద్దల ఎదుట చేసినట్టు రెండు అరచేతులూ మెల్లగా తట్టేది. అది చూసినప్పుడల్లా మాస్టారి మొహం వెలిగిపోయేది.

అప్పటిదాకా కాగితం మీద జరిగే పరీక్ష ఆ ఏడు మొదటిసారి కంప్యూటరు మీద పెట్టారు. మీరు వాడే ఉచిత దుబాసీతోనే పెడతామని పైనుంచి ఉత్తరం వచ్చింది. వైసన్‌ గారు దాన్ని స్టాఫ్ రూములో నాలుగుసార్లు చదివి వినిపించారు. పరీక్ష రోజు పొద్దున పెద్ద పర్యవేక్షకుడు సీలు వేసిన డబ్బాలో దాన్ని తెచ్చి తన చేతులతోనే అన్ని యంత్రాల్లో ఎక్కించాడు. అది వైసన్‌ గారి చెయ్యి పడని అసలుది. దానికి తుంబూకా రాదు, పలకరింపు తెలియదు. ఆ మాట మాకెవరికీ తట్టలేదు. ఏళ్ళ తరబడి మర్యాదగా పలికిన దుబాసీకి ఆ మర్యాద ఒకరు నేర్పితే వచ్చిందని ఎవరికి గుర్తుంటుంది?

ఆ సబ్జెక్టు రానివాళ్ళే కాపలా ఉండాలి కాబట్టి గదిలో నన్ను పెట్టారు. మాస్టారు కంచె అవతల నిలబడ్డారు. గేటు దగ్గర పోలీసమ్మ.

రాస్తున్నవాళ్ళు తొమ్మిదిమంది. మొదటి పది నిమిషాల్లోనే తొమ్మిది తెరల మీదా ఎర్ర పట్టీలు పడ్డాయి. "మొదటి వరుస అర్థం కాలేదు" అని ఇంగ్లీషులో. నేను టివోంగె వెనకాల నిలబడ్డాను. ఆ పిల్ల కంగారుపడలేదు. అరచేతులు తట్టి, తన పలకరింపులో మర్యాద తగ్గిందనుకుని మళ్ళీ రాసింది. "పెద్దలకు మోనిరె." ఎర్ర పట్టీ. కొత్తవాళ్ళు కదా, తానెవరో చెప్పలేదనుకుంది. "నేను టివోంగెను. కచాలి వారి అమ్మాయిని. మాది నది అవతలి ఊరు. మీ ఇంట్లో అందరూ కులాసాయేనా?" మళ్ళీ ఎర్ర పట్టీ.

అప్పుడు నాకర్థమైంది. 'ఆ వరుసలు తీసెయ్యవే తల్లీ.' అంతే, ఒక్క మాట. ఆ మాట నా నోటి చివరిదాకా వచ్చింది. కాపలా ఉన్నవాళ్ళు పెదవి కదిపితే తొమ్మిదిమంది పరీక్షా రద్దవుతుందని పర్యవేక్షకుడు పొద్దున్నే చెప్పాడు. ఊళ్ళో ఎవరి నోరూ లేవకుండా మాట్లాడే నేను, నోరు మూసుకుని నిలబడ్డాను.

మపోపా రెండుసార్లు చూసి, "చాల్లే" అన్నట్టు పలకరింపు చెరిపేశాడు. ప్రోగ్రాము నడిచింది. వాడు ఈల వేయబోయి ఆగాడు. వాణ్ణి చూసో, విసుగొచ్చో ఇంకో నలుగురు చెరిపేశారు.

కిటికీల్లోంచి ఎర్ర రంగు వైసన్‌ గారికి కనిపించింది. ఆయన కంచె పట్టుకుని, పలక తుడిచినట్టు గాల్లో చెయ్యి అటూ ఇటూ ఆడించారు. జీవితంలో ఆయన చేసిన తప్పు పని అదొక్కటే.

"ఏం మాస్టారూ, ఇదేమన్నా బస్టాండా, చేతులూపడానికి? పదండి అవతలికి," అని పోలీసమ్మ ఆయన్ని పక్కకు తీసుకుపోయింది.

టివోంగె ఆ చెయ్యి చూసింది. కుర్చీలోంచి సగం లేచి, మోకాళ్ళు వంచి మాస్టారికి దణ్ణం పెట్టి, కూర్చుని ఇంకో వరుస చేర్చింది. "మా మాస్టారు కూడా మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారు."

నేను గోడవైపు తిరిగాను.

టైమైపోయిందని చెప్పాక కాగితాలు అచ్చయి వచ్చాయి. టివోంగె కాగితం మీద పైన పంతొమ్మిది వరుసల పలకరింపు. దాని కింద ప్రోగ్రాము ఉంది. తర్వాత ఆ పిల్లకు గుర్తున్నంత వరకు మాస్టారు మళ్ళీ రాయించి చూస్తే అందులో ఒక్క తప్పు లేదు. అట్టడుగున చివరి వరుస. "మీ సమయం తీసుకున్నాను, ఏమీ అనుకోకండి. వెళ్ళొస్తాను." యంత్రం నడిపినదానికే మార్కులు. మొదటి వరుస దాటి అది నడిపింది లేదు.

టివోంగె బయటికి వచ్చి మాస్టారి ముందు మోకరించింది. "సార్, నా పలకరింపులో ఏం తక్కువైంది?"

"ఏ... ఏమీ తక్కువ కాలేదు తల్లీ."

"మరి ఎందుకు పలకలేదు?"

ఆయన ఆ పిల్లను చెయ్యి పట్టి లేవదీశారు. ఎప్పుడూ ఆయన మాట అందించే నేను, ఆ పిల్ల సంచి అందించాను.

మాస్టారు పైవాళ్ళకు నాలుగు ఉత్తరాలు రాశారు. ఒక్కదానికి జవాబొచ్చింది. నియమం నియమమేనట. కొత్త తరగతి మొదలయ్యే ముందు రోజు ఆయన దుబాసీని మళ్ళీ విప్పి, పలకరింపు ఉన్న చోటు తెరిచి పెట్టి, "న్యాలుహాంగా, మీ... మీట మీరు నొక్కండి" అన్నారు. చెరిపే మీట నొక్కాను. ఇప్పుడది ఎవరినీ ఏమీ అడగదు.

టివోంగె బస్సులు ఆగే చోట ఎండు చేపలు అమ్ముతోంది. మాస్టారు కనిపిస్తే బుట్ట దించి, మోకరించి, భార్యనీ పిల్లల్నీ మేకల్నీ వరసగా అడుగుతుంది. అందరూ అయ్యాక, "దుబాసీ గారు కులాసాయేనా సార్?" అంటుంది.

"కులాసాయే తల్లీ. నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు," అంటారు వైసన్‌ గారు. ఆ ఒక్క మాటా నత్తి లేకుండా చెబుతారు.